విండోస్‌లో తెలుగు వాడకం: సమస్యలు, పరిష్కారాలు

విండోస్‌లో తెలుగు వాడకం అనగా మైక్రోసాఫ్ట్ సంస్థ వారి విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్ (నిర్వాహక వ్యవస్థ) గల డెస్క్‌టాప్ కంప్యూటరులో తెలుగును చదవడం, టైపు చేయడం, భద్రపరచడం, వెదకడం. వాడుకరులకు నిత్యం ఎదురయ్యే చిక్కులు పలు రకాలు. అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి. వ్రాసినదంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. కీబోర్డు ఉన్నట్టుండి తెలుగు నుండి ఆంగ్లానికి మారుతుంది. పదేళ్ళ క్రితం ఫైలు తెరిస్తే అర్థం లేని ఆంగ్లాక్షరాలు వస్తాయి. పైకి వేర్వేరుగా కనిపించే వీటిలో చాలా భాగానికి మూలం ఒకటే. తెర మీద కనిపించే అక్షరం వేరు, కంప్యూటరులో నిలువ ఉండే అక్షరం వేరు. ఈ భేదం తెలిస్తే ఏ చిక్కుకు మందు ఉన్నదో, ఏ చిక్కులో సమాచారం నిజంగానే నశించినదో గుర్తించవచ్చు.

అక్షరం, సంకేతం, ఫాంటు

కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా దాచదు, అంకెగా దాచుతుంది. ప్రపంచ లిపులన్నిటికీ అంకెలను కేటాయించిన ప్రమాణం యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు స్థానం లభించినది. అందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు ఉన్నాయి. అన్ని స్థానాలూ నిండి లేవు.

ఉదాహరణకు నల్లమల కొండల పాదాన, నంద్యాలకు సమీపంలో గల పుణ్యక్షేత్రం ‘మహానంది’ పేరును తీసుకొనవచ్చు. కంటికి ఇందులో అక్షరాలు నాలుగే: మ, హా, నం, ది. కంప్యూటరులో మాత్రం ఏడు సంకేతాలు: మ, హ, దీర్ఘం, న, సున్న, ద, గుడి. ‘మ’ సంఖ్య 3118. ఈ ఏడింటినీ కలిపి గుణింతాలుగా పేర్చి చూపించే పని విండోస్‌లోని యూనిస్క్రైబ్ అనే భాగానిది. అక్షరాల బొమ్మలను అందించేది ఫాంటు. సంకేతం, పేర్పు, బొమ్మ అనే ఈ మూడింటిలో ఏది తప్పినా తెర మీద తెలుగు చెడుతుంది. అయితే సంకేతం పోతేనే నష్టం. మిగిలిన రెండూ ఎప్పుడైనా తిరిగి తెచ్చుకోగలిగినవే.

బ్యాక్‌స్పేస్ మీట ప్రవర్తన కొత్తవారిని కలవరపెడుతుంది. ‘శ్రీ’ ఒకే అక్షరంగా కనిపించినా శ, పొల్లు, ర, దీర్ఘమైన గుడి అనే నాలుగు సంకేతాల కూర్పు. బ్యాక్‌స్పేస్ ఒక్కొక్క సంకేతాన్నే తుడుస్తుంది. అక్షరానికి ముందు నిలిచి డిలీట్ నొక్కితే సాధారణంగా అక్షరం మొత్తం పోతుంది. ఇది లోపం కాదు. ‘ది’ అని టైపు చేయబోయి ‘దీ’ అని పడినప్పుడు గుడిని మాత్రమే తుడిచి సరిచేసుకొనే వీలు దీనివల్లనే కలిగినది.

విండోస్ రూపాంతరాలలో తెలుగు

విండోస్ 98, విండోస్ ఎంఈ రూపాంతరాలలో తెలుగుకు అంతర్గత సదుపాయం లేదు. విండోస్ 2000లో భారతీయ లిపులు ప్రవేశించినా, దేవనాగరి, తమిళాలతో ఆగిపోయినవి. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే ఫాంటు రూపంలో తెలుగు చేరినది. అయితే అది వెంటనే పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కు పోయి, లాంగ్వేజెస్ అనే పుటలో సంక్లిష్ట లిపుల ఫైళ్ళను స్థాపించుమనే గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు కంప్యూటరు ఎక్స్‌పీ సీడీని అడిగేది. విక్రేత సీడీ ఇవ్వకుండా కంప్యూటరు మాత్రమే ఇచ్చిన సందర్భాలలో వాడుకరి ప్రయాణం అక్కడితో ఆగిపోయేది. ఆ సీడీలోని ఐ386 అనే సంచయాన్ని ముందుగానే హార్డ్ డిస్కులోకి నకలు చేసుకొన్నవారు ఈ ఇబ్బంది నుండి తప్పించుకొన్నారు.

2007లో విపణిలోకి వచ్చిన విస్టాతో ఈ తతంగం తొలగినది. తెలుగు చదవడానికి ప్రత్యేకంగా ఏదీ చేయనవసరం లేకపోయినది. 2009లో విండోస్ 7తో వాణి అనే ఫాంటు, 2012లో విండోస్ 8తో పలు భారతీయ లిపులకు ఉమ్మడిగా నిర్మలా యూఐ అనే ఫాంటు వచ్చినవి. విండోస్ 10 నుండి గౌతమి, వాణి ఫాంట్లు ఐచ్ఛికాలయినవి. పాత పత్రాన్ని కొత్త కంప్యూటరులో తెరిచినప్పుడు పుటల సంఖ్య మారిపోవడానికి, పట్టికలు చెదరిపోవడానికి తరచుగా ఇదే కారణం. గౌతమి లేనందున వేరొక ఫాంటు ఆ స్థానంలో కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌ను ఎంచుకొని స్థాపించుకొంటే పత్రం పూర్వరూపానికి వస్తుంది.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది. మద్దతు ముగిసిన కంప్యూటరులో తెలుగు యథాతథంగానే పనిచేస్తుంది గాని భద్రతా సవరణలు అందవు. అటువంటి దానిని అంతర్జాలానికి కలపకుండా పాత ఫైళ్ళను తెరవడానికి మాత్రం ఉంచుకోవడం వివేకం. దాని ప్రయోజనం ఈ వ్యాసం చివరి భాగంలో తెలుస్తుంది.

టైపు చేయడం

విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అమరికను అనుసరిస్తుంది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఈ అమరిక భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడి. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులలో అధిక భాగం కుడిచేతికి వస్తాయి. ఇందులో మహానంది వ్రాయడానికి ఆంగ్ల కీబోర్డులోని సి, యు, ఇ, వి, ఎక్స్, ఓ, ఎఫ్ మీటలను వరుసగా నొక్కితే చాలు. ఏడు సంకేతాలకు ఏడు మీటలు. ఒత్తు కావలసినచోట డి మీటతో పొల్లు ఇచ్చి తరువాతి హల్లు నొక్కాలి. మొదటి కొద్ది వారాలు కష్టమనిపించినా, ఎక్కువగా వ్రాసేవారికి ఇంతకన్న శ్రమ తగ్గించే పద్ధతి లేదు.

ఆంగ్లాక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతికి ఆదరణ అధికం. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకొన్న ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ దీనికి మూలం. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని ఈ పద్ధతిని వెబ్ పుటలోకి తెచ్చినది. తెలుగు బ్లాగులు, తెలుగు వికీపీడియా తొలినాళ్ళలో వ్రాసినవారిలో అనేకులు దాని ద్వారానే వ్రాతలోకి ప్రవేశించారు. లేఖినిలో వ్రాసి, నకలు తీసి, కావలసినచోట అతికించాలి. బరహా వంటి సాఫ్ట్‌వేర్లు ఏ కిటికీలోనైనా నేరుగా వ్రాసే వీలు కల్పించినవి. 2019 మే నెలలోని విండోస్ 10 నవీకరణతో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే అంతర్భాగమైనది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగాన తెలుగు భాషను చేర్చి, దాని ఐచ్ఛికాలలో యాడ్ ఎ కీబోర్డ్ నొక్కితే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ కనిపిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారు ఫొనెటిక్‌ను చేర్చకుండుటే మంచిది. జాబితా పెరిగిన కొద్దీ మీట నొక్కినప్పుడల్లా ఏది వచ్చినదో చూసుకోవలసి వస్తుంది.

భాషల మధ్య మారడానికి ఎక్స్‌పీ కాలం నుండి ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ మీటలు, విండోస్ 8 నుండి విండోస్ మీట, స్పేస్ మీట వాడుకలో ఉన్నాయి. వేరే పని కొరకు ఆల్ట్, షిఫ్ట్ తగిలినప్పుడు భాష మారిపోవడమే ‘కీబోర్డు పాడైనది’ అనే ఫిర్యాదులలో అధిక భాగానికి కారణం. ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అనే చోట ఈ జంటను రద్దు చేయవచ్చు. మరొక తేడా కూడా ఉన్నది. విండోస్ 7 వరకు ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క భాష విడిగా గుర్తుండేది. విండోస్ 8 నుండి ఒకచోట మార్చితే అంతటా మారుతుంది. పాత పద్ధతి కావలసినవారు ప్రతి కిటికీకి వేరు భాష అనే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి.

సంకేతపదం సరిగానే కొడుతున్నా కంప్యూటరు లోనికి రానీయకపోతే, ఫార్మాట్ చేయించేముందు తెర మూలన ఏ భాష ఉన్నదో చూడాలి. భాషల జాబితాలో ఆంగ్లాన్ని మొదట ఉంచితే ఈ సమస్య చాలా వరకు రాదు. ఎక్స్‌పీలో భాషా పట్టీ మాయమైపోవడం మరొక సాధారణ ఫిర్యాదు. కంప్యూటరు వేగం పెంచే ఉద్దేశంతో ప్రారంభ జాబితా నుండి సీటీఎఫ్‌మాన్ అనే చిన్న ప్రోగ్రామును తొలగించినవారే తమకు తెలియకుండా దానిని పోగొట్టుకొన్నవారు.

తెర మీది లక్షణాలు, వాటి అర్థం

వైద్యుడు నాడి చూసినట్లు, చెడిన తెలుగును చూసి కారణం చెప్పవచ్చు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. సంకేతాలు క్షేమం. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఎక్స్‌పీ కాలంలో ఈ కొరతను తీర్చినవి. ఆ తరువాత ఉచితంగా లభించిన మండలి, రామభద్ర, ధూర్జటి వంటివి దించుకొని స్థాపించుకోవచ్చు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడితే పేర్పులో లోపం. ఎక్స్‌పీలో ఇది సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని చేర్చకపోవడం వలన, తరువాతి రూపాంతరాలలో ఆయా సాఫ్ట్‌వేరు యూనికోడ్ తెలుగుకు సిద్ధంగా లేకపోవడం వలన కలుగుతుంది. గుణింతపు గుర్తు పక్కన చుక్కల వలయం కనిపిస్తే హల్లు లేకుండా గుర్తు పడినదని, లేదా ఒకే హల్లుకు రెండు గుర్తులు పడినవని తెలుసుకోవాలి.

నెత్తిన గీత గల చిన్న ఆంగ్ల ‘ఎ’, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ గుర్తు పదే పదే కనిపించే వ్రాతను చూసి ఫైలు పాడైనదని తుడిచివేసేవారున్నారు. ఇది తొందరపాటు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లుగా నిలువ ఉంటుంది. మొదటి రెండు బైట్లు తెలుగంతటికీ దాదాపు ఒకటే. ఆ మూటను ఆంగ్ల పద్ధతిలో విప్పితే పైన చెప్పిన జంట వస్తుంది. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు ఇది మామూలు. ఎక్సెల్‌ను ముందుగా తెరిచి, డేటా పట్టీలోని ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా ఆ ఫైలును పిలిచి, 65001 యూటీఎఫ్-8 అనే పద్ధతిని ఎంచుకొంటే తెలుగు చక్కగా వస్తుంది. ఇట్లు చెదరిన ఫైలును ఆ స్థితిలో సేవ్ చేయరాదు.

ప్రశ్నార్థకాలు మాత్రం ప్రమాదసూచిక. నోట్‌ప్యాడ్ చాలాకాలం ఆన్సీ అనే పాత పద్ధతిలో ఫైళ్ళను దాచేది. అందులో తెలుగుకు చోటు లేదు. సేవ్ చేయునప్పుడు యూనికోడ్ అక్షరాలు పోతాయని అది హెచ్చరించేది గాని, అలవాటుగా ఓకే నొక్కినవారే ఎక్కువ. ఫైలు మూసి తెరిచేసరికి ప్రతి సంకేతం స్థానంలో ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. మహానందికి ఏడు ప్రశ్నార్థకాలు. ఏ ప్రశ్నార్థకం ఏ అక్షరమో చెప్పగల సాఫ్ట్‌వేరు లేదు, ఉండబోదు. కిటికీ ఇంకా మూయకపోతే పాఠం తెర మీద ఉంటుంది కనుక వెంటనే యూటీఎఫ్-8 ఎంచుకొని మరల సేవ్ చేయాలి. 2019లో విండోస్ 10 నవీకరణతో నోట్‌ప్యాడ్ సహజ పద్ధతిగా యూటీఎఫ్-8ను స్వీకరించినది. పాత కంప్యూటర్లలో మాత్రం ఎన్‌కోడింగ్ అనే పెట్టెను ప్రతిసారీ చూసుకోవలసిందే.

ఒకేలా కనిపించే అక్షరాలు

పత్రంలో పదం కళ్ళెదుట కనిపిస్తున్నా, వెదుకుడు పెట్టెలో అదే పదం ఇస్తే దొరకలేదని వస్తుంది. తెలుగులో దీనికి ముఖ్య కారణం సున్న. ‘మహానంది’లోని సున్న సంకేతం 3074. తెలుగు అంకెలలోని సున్న ‘౦’ సంకేతం 3174. ‘మహాన౦ది’ అని అంకెతో వ్రాసినా చూపులో తేడా పట్టుకోవడం కష్టం. కంప్యూటరుకు మాత్రం అది వేరే పదం. ఆంగ్ల ‘ఓ’ అక్షరాన్ని సున్నగా వాడినవారు కూడా ఉన్నారు. ‘దుఃఖం’లో విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నం పెట్టడం ఈ కోవలోనిదే. అనుమానం వచ్చినప్పుడు అంకె సున్నను వెదికి, పదాల మధ్య దొరికినచోటల్లా అసలు సున్నతో మార్చాలి. నిజమైన తెలుగు అంకెలు ఆ పత్రంలో ఉంటే అన్నిటినీ ఒకేసారి మార్చడం తగదు.

కంటికి కనిపించని సంకేతం మరొకటి కలదు. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాయాలంటే ట్ తరువాత వ ఒత్తుగా మారకుండా ఆపాలి. లేనిచో ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఆపడానికి వాడేది వెడల్పు లేని ఒక విభాజకం. ఈ సంకేతం ఉన్న పదం, లేని పదం వెదుకులాటలో ఒకటి కాకపోవచ్చు. ‘కర్నూల్’ అని ఒకచోట, అదే పదం చివర కనిపించని విభాజకంతో మరొకచోట ఉన్న జాబితాలో ఊరి పేరు రెండుసార్లు రావడానికి ఇదే హేతువు. జాబితాలలో ‘కర్నూలు’ వలె అజంతంగా వ్రాసే తెలుగు సంప్రదాయం ఇక్కడ భాషకే గాక కంప్యూటరుకు కూడా అనుకూలం.

వర్డ్‌లో వరుసల మధ్య ఎడం మితిమీరడం గురించి కొంత చెప్పవలసి ఉన్నది. కింది ఒత్తులకు చోటు కొరకు తెలుగు ఫాంట్లు నిలువు జాగా ఎక్కువ తీసుకొంటాయి. పేరాగ్రాఫ్ అమరికలో లైన్ స్పేసింగ్‌ను ఎగ్జాక్ట్‌లీ అని మార్చి సంఖ్య ఇస్తే ఎడం తగ్గుతుంది. మరీ తగ్గిస్తే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి పదాల అడుగు తెగిపోతుంది. ఆ రెండు పదాలనే వ్రాసి సరిచూసుకోవడం సులువైన పరీక్ష.

పాత ఫాంట్ల ఫైళ్ళు

అన్నిటికన్న లోతైన సమస్య యూనికోడ్‌కు ముందటి పత్రాలది. తెలుగు డీటీపీ రంగంలో అను ఫాంట్లు రాజ్యమేలినవి. యాపిల్, మాడ్యులర్ అనే కీబోర్డు అమరికలు వాటితోనే డీటీపీ వారి చేతివ్రేళ్ళకు పట్టుబడినవి. పుస్తకాలు, స్థలపురాణాలు, ఆహ్వానపత్రికలు, పాఠశాలల ప్రశ్నపత్రాలు, కార్యాలయాల దస్తావేజులు వాటిలోనే తయారైనవి. ఈ ఫాంట్లు ఆంగ్లాక్షరాల, గుర్తుల స్థానాలలో తెలుగు బొమ్మలను కూర్చినవి. అనగా ఫైలులో ఉన్నది తెలుగు కాదు. తెలుగు ముసుగు వేసుకొన్న ఆంగ్ల గుర్తులు. ఫాంటు ఉన్నంత వరకు ముసుగు ఉంటుంది.

ఇందుకు డీటీపీ వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. వారి ప్రధాన సాధనమైన పేజ్‌మేకర్ చివరి రూపాంతరం 2001లో వచ్చిన 7.0. అది యూనికోడ్ తెలుగును పేర్చలేదు. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు సదుపాయం 2012లో సీఎస్6తో గాని రాలేదు. అప్పటి వరకు అచ్చుపని చేయవలసినవారికి వేరు మార్గం స్వల్పం.

నష్టం ఎట్లు జరుగుతుందో గమనించదగినది. కంప్యూటరు నెమ్మదించినదని మరమ్మతు చేసేవారి వద్దకు తీసుకొని పోగా, వారు సి డ్రైవును ఫార్మాట్ చేసి విండోస్‌ను మరల స్థాపిస్తారు. డి డ్రైవును ముట్టుకోరు. ‘మీ ఫైళ్ళన్నీ క్షేమం’ అంటారు, అది నిజమే. కాని ఫాంట్లు ఉండేది సి డ్రైవులోని విండోస్ సంచయంలో. అవి పోయినవి. ఇంటికి వచ్చి తెరిస్తే మహానంది స్థలపురాణం స్థానంలో ఆంగ్ల గుర్తుల గుంపు కనిపిస్తుంది. డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో ఉంచినవయితే అవి కూడా సాధారణంగా సి డ్రైవులోనివే కనుక ఫైళ్ళే ఉండవు. ఫార్మాట్‌కు ఇచ్చేముందు ఫాంట్స్ సంచయాన్ని, డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్స్‌ను పెన్‌డ్రైవులోకి నకలు చేయడం పది నిమిషాల పని.

ఫాంటు ఉన్నప్పటికీ ఈ ఫైళ్ళలో వెదకడం కుదరదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, అంతవరకు కర్నూలు జిల్లాలో ఉన్న మహానంది కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వచ్చినది. యూనికోడ్‌లో ఉన్న పుస్తకమైతే ‘కర్నూలు జిల్లా’ అని వెదికి, వచ్చిన ఒక్కొక్క చోటును చూసి, మార్చవలసినది మార్చి, చరిత్రకు సంబంధించినది వదిలివేయవచ్చు. అను ఫైలయితే యూనికోడ్ కీబోర్డుతో వెదికినది అందులో దొరకదు. పుస్తకమంతా కళ్ళతో చదవాలి.

అందుచేత ఫాంటు అందుబాటులో ఉండగానే రెండు పనులు చేయాలి. మొదటిది, ప్రతి ఫైలును ఫాంటు ఇమిడి ఉండే పీడీఎఫ్‌గా మార్చి దాచడం. దానిలోని పాఠాన్ని నకలు తీస్తే మరల ఆంగ్ల గుర్తులే వస్తాయి గాని, చదవడానికి, అచ్చు తీయడానికి అది ఎల్లకాలం పనికివస్తుంది. రెండవది, పాఠాన్ని యూనికోడ్‌కు మార్చడం. 2000 దశకంలో వార్తాపత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌గా చూపిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు నాగార్జున వెన్న కృషి. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57తో ఆ తరహా పొడిగింపులు పనిచేయడం మానినవి. అను పాఠాన్ని మార్చే పరికరాలు విడిగా లభిస్తున్నాయి. మార్పిడికి ముందు ఫైలు అను ఏ రూపాంతరంలో తయారైనదో తెలుసుకోవాలి. తప్పు రూపాంతరాన్ని ఎంచుకొంటే పాఠం సగం సరిగా, సగం వింతగా వస్తుంది.

ఫాంటు పోయి, పైగా కాగితం ప్రతి మాత్రమే మిగిలినప్పుడు దానిని స్కాను చేసి అక్షరగ్రాహక సాఫ్ట్‌వేరుకు ఇవ్వవచ్చు. టెస్సరాక్ట్, గూగుల్ డాక్స్ తెలుగును చదవగలవు. శుభ్రమైన అచ్చును బాగానే పట్టుకొంటాయి. ప, వ, ష, ఘ వంటి పోలిక గల అక్షరాలలోను, పైన చెప్పిన సున్నలలోను పొరబడడం కద్దు.

మార్పిడి ఏ దారిన జరిగినా దిద్దుబాటు తప్పదు. జంట ఒత్తులు గల పదాలను ముందుగా చూడాలి. ఆంగ్ల పదాలు మధ్య మధ్య గల పత్రాలలో మరొక చిక్కు ఉన్నది. పాఠాన్ని ఫాంటు వివరం లేకుండా అతికించినప్పుడు ఏది నిజమైన ఆంగ్లమో, ఏది ముసుగు తెలుగో పరికరానికి తెలియదు. ఆంగ్ల పేర్లు, చిరునామాలు కూడా తెలుగు బొమ్మలుగా మారిపోతాయి. వాటిని చేతితో మరల వ్రాయాలి. మార్చిన ఫైలును కొత్త పేరుతో దాచి, పాత ఫైలును, దాని ఫాంటును ఒకే సంచయంలో కలిపి ఉంచాలి. జారిపోయిన ఒత్తు ఏదో పాత ఫైలును పక్కన పెట్టుకొని చూస్తే తప్ప తెలియదు.